కరకట్ట మీద సందులుండవు

విజయవాడ గవర్నర్‌పేటలో ఒక మనిషికి ఎదురుపడకుండా ఏళ్లకేళ్లు బతికేయొచ్చు. ఏలూరు రోడ్డు మీద దూరంగా కనిపిస్తే బీసెంట్ రోడ్డులోకి తిరగొచ్చు. అక్కడా కనిపిస్తే ఏ చీరల కొట్టు పక్క సందులోకో దూరి, రెండు మలుపులు తిరిగి, లెనిన్ సెంటర్లో తేలొచ్చు. పాత పుస్తకాల కొట్ల దగ్గర వాడు ఏ వేళకి నిలబడతాడో నాకు తెలుసు. నేను ఏ టీ కొట్టు దగ్గర ఆగుతానో వాడికి తెలుసు. పాతికేళ్ల స్నేహంలో ఒకళ్ల గురించి ఒకళ్లం సంపాదించుకున్న జ్ఞానమంతా ఎదురుపడకుండా ఉండటానికే ఖర్చుపెట్టాం.

ఇలా తప్పుకు తిరగడం ఈ పేటకి కొత్తేమీ కాదు. ఊళ్లో రెండు పెద్ద రోడ్లలో బందరు రోడ్డుకి మహాత్మాగాంధీ పేరు, ఏలూరు రోడ్డుకి కార్ల్ మార్క్స్ పేరు పెట్టారు. జనం ఇద్దర్నీ పలకరించకుండా పాత పేర్లతోనే సరిపెట్టుకుంటున్నారు. ఆ మార్క్స్ రోడ్డు మీదే విశాలాంధ్ర పుస్తకశాల ఉంది, నాలుగడుగుల దూరంలో ప్రజాశక్తి ఉంది. 1961 ఏప్రిల్‌లో అవిభక్త కమ్యూనిస్టు పార్టీ ఆరో మహాసభ జరిగింది ఈ ఊళ్లోనే. 1964 జులైలో చీలిక వర్గం సమావేశమైంది ఇక్కడికి కూతవేటు దూరంలోని తెనాలిలో. పుచ్చలపల్లి సుందరయ్య ఒక పక్క, కృష్ణా జిల్లా మంగళాపురంలో పుట్టిన చండ్ర రాజేశ్వరరావు ఇంకో పక్క. చరిత్ర పుస్తకాల్లో చీలిక సిద్ధాంతాల మీద జరిగింది. గవర్నర్‌పేటలో మాత్రం అది కాఫీ బల్లల దగ్గర జరిగింది. ఒకే గదిలో చాపేసుకుని పడుకున్నవాళ్లు, ఒకే కేసులో జైలుకెళ్లినవాళ్లు, రోడ్డుకి అటొకరూ ఇటొకరూ నడిచారు. ఆ తరం పెద్దలు చెప్పగా విన్నాను: పెళ్లి శుభలేఖ ఇవ్వడానికి కూడా మధ్యవర్తి కావాల్సొచ్చేదట.

మా తగాదాకి అంత పరువు లేదు. చీటీకి హామీ సంతకం. వాడు పాడుకున్న చీటీకి నేను సంతకం పెట్టాను, వాడి వ్యాపారం దెబ్బతింది, వాయిదాలు నా మీద పడ్డాయి, కట్టాను. తర్వాత వాడు ప్రతి రూపాయీ తీర్చాడు. కాకపోతే తను రాలేదు. నెలనెలా బావమరిది చేత కవరులో పెట్టి పంపాడు. ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడి, లెక్క చూసుకోమని చెప్పి, మంచినీళ్లు కూడా తాగకుండా వెళ్లిపోయేవాడు. అప్పు తీరేసరికి స్నేహం కూడా తీరిపోయింది.

నవలల్లో తగాదాలు ఇంకా గొప్పగా ఉంటాయి. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల గుట్టలోంచి నేను లాగిన ఇంగ్లీషు నవల ఒకటుంది, రేచల్ జాయిస్ రాసింది, 2012లో వచ్చింది. హెరాల్డ్ ఫ్రై అనే రిటైరైన సేల్స్‌మన్. ఒకప్పుడు తనతో పనిచేసిన క్వీనీ చావుబతుకుల్లో ఉందని ఉత్తరం వస్తుంది. ఇరవై ఏళ్లుగా మాటల్లేవు. అతని తప్పు తన నెత్తిన వేసుకుని ఉద్యోగం పోగొట్టుకున్న మనిషి ఆమె. జవాబు రాసి పోస్టు డబ్బాలో వేద్దామని బయల్దేరి, వేయలేక, ఆ డబ్బా దాటి ఇంకో డబ్బా దాకా, అది కూడా దాటి, ఇంగ్లండు దక్షిణపు కొస నుంచి ఉత్తరపు కొసకి ఆరు వందల మైళ్ల పైచిలుకు నడుస్తాడు. కాళ్లకి నడకకి పనికిరాని పడవ బూట్లు. నాకు ఆ పుస్తకం నచ్చింది కానీ ఒక పేచీ ఉంది. ఆయన నడిచినంత సేపూ ఆమె మంచం మీదే ఉంటుంది. స్నేహితులిద్దరూ కలిసి ఒక్క మైలు కూడా నడవరు. కష్టమైన నడక అది. కలిసి నడవడం దానికన్నా కష్టమని నా అనుమానం.

మన తెలుగువాళ్లకి ఈ జతనడక పాత విద్యే. మధిర సుబ్బన్న దీక్షితులు గారి కాశీ మజిలీ కథలు పన్నెండు సంపుటాలూ ఇద్దరు మనుషుల నడక మీద నిలబడ్డాయి. మణిసిద్ధుడనే యతి, గోపుడనే పశువుల కాపరి. గోపుడు పెట్టిన షరతు ఏమిటంటే, మజిలీ మజిలీకి తను చూసొచ్చిన వింత గురించి అడుగుతాడు, ఆయన దాని కథ చెప్పాలి. చెప్పలేకపోతే నడక బందు. 1830 మే నెలలో చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య గారిదైతే పల్లకీ ప్రయాణం, వెంట వందమంది పరివారం. అయినా దారిలోని ప్రతి ఊరి సంగతీ రాసింది ఇంటి దగ్గరున్న స్నేహితుడి కోసమే. ఆ స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లే ఆ రాతల్ని పోగుచేసి, వీరాస్వామయ్య గారు పోయాక, 1838లో అచ్చు వేయించాడు. వెళ్లినవాడు రాశాడు, ఉన్నవాడు దాచాడు. స్నేహానికి ఇంతకన్నా మంచి పని విభజన నాకు తెలీదు.

మమ్మల్ని రోడ్డెక్కించింది మా తెలుగు మాస్టారు. ఆముక్తమాల్యదలో కృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర మీద వెళ్తూ విజయవాడలో కొన్నాళ్లు ఆగి, శ్రీకాకుళం వెళ్లి ఏకాదశి ఉపవాసం ఉండి, ఆ రాత్రి కలలో ఆంధ్రమహావిష్ణువుని చూశానని చెప్పుకున్నాడు. తెలుగులో కావ్యం రాయమని దేవుడు అడిగింది అక్కడే. ఉత్తరాంధ్రలో ఉన్న శ్రీకాకుళం కాదిది, ఘంటసాల మండలంలో కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న ఊరు. మార్గశిరంలో ఒక ఏకాదశికి ఆ ఊరికి విజయవాడ నుంచి నడిచి వెళ్దామని, పదిమంది దాకా వస్తున్నారని మాస్టారు నాకు చెప్పారు. వాడికి కూడా అదే మాట చెప్పారని తెల్లవారుజామున గాంధీనగర్ బాబాయ్ హోటల్ ముందు తెలిసింది. మాస్టారు, నేను, వాడు. నాలుగో మనిషి లేడు. ఇడ్లీ మీద వెన్న కరిగే లోపల వెనక్కి తిరిగి పోవచ్చు. మాస్టారు సాంబారు పోయించుకుంటూ, "తినండ్రా, ఎండెక్కితే నడవలేం" అన్నారు. యాభై దాటిన ఇద్దరం తలలొంచుకుని తిన్నాం.

కృష్ణలంక మీదుగా బయల్దేరాం. నదికీ ఇళ్లకీ మధ్య కాంక్రీటు రక్షణ గోడ. అంతకు మూడు నాలుగు నెలల ముందు, 2024 సెప్టెంబరు మొదట్లో, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వెళ్లింది. 1957లో బ్యారేజీ తెరిచిన దగ్గర్నుంచీ ఎన్నడూ చూడని నీరు. ఊరికి అటు పక్క బుడమేరు సింగ్ నగర్‌ని ముంచేస్తే, ఇటు పక్క కృష్ణలంకకి ఈ గోడ అడ్డం నిలబడింది. ఇప్పుడు గోడకి ఆవల ఇసుక తిన్నెలు, సన్నటి పాయ, గేదెల్ని కడుగుతున్న కుర్రాళ్లు. ఆ వరదలో మేమిద్దరం చెరో పడవ మీద చెరో పేటలో పాలపాకెట్లు పంచామని మాస్టారు మధ్యలో నడుస్తూ చెప్పారు. ఒకరి సంగతి ఒకరికి చేరవేస్తున్నారన్న మాట.

యనమలకుదురు దగ్గర కొండ మీద రామలింగేశ్వరుడి గుడి. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ల నుంచి నిలువెత్తు ప్రభలు ఇక్కడికి వస్తాయి. ఆ కొండ కింద మాస్టారు మోకాలు పట్టుకుని రాతి మీద కూలబడ్డారు. "మీరు పదండ్రా, నా వల్ల కాదు" అని ఆటో పిలిచారు. ఆటో ఎక్కేటప్పుడు ఆ కాలు చక్కగా వంగింది. నేను చూశాను, వాడూ చూశాడు. ఇద్దరం ఏమీ అనలేదు.

అక్కడ మొదలవుతుంది కరకట్ట. కుడి పక్క నది, ఎడమ పక్క పొలాలు, మధ్యలో ఒకటే తారు రోడ్డు. పెదపులిపాక, చోడవరం, మద్దూరు, రొయ్యూరు ఊళ్లన్నీ ఆ రోడ్డుకి కిందగా వేలాడుతుంటాయి. సందుల్లేవు. ఎదురొచ్చేవాణ్ణి చూసి తిరిగిపోవడానికి మలుపు లేదు. పక్కన నడిచేవాణ్ణి తప్పించుకోవాలంటే ముందుకి పరుగెత్తాలి, లేదా వెనకబడాలి. మొదట అదే చేశాం. వాడు ఇరవై గజాలు ముందు, నేను వెనక. ఇసుక లారీ వచ్చినప్పుడల్లా ఇద్దరం ఒకే గట్టంచుకి చేరాల్సొచ్చేది. దుమ్ము తగ్గేదాకా కళ్లు మూసుకుని పక్కపక్కన నిలబడేవాళ్లం. లారీ వెళ్లాక మళ్లీ ఇరవై గజాలు. ఆ దారిలో ఇసుక రీచ్‌లు చాలా ఉన్నాయి.

"చెప్పులతో వచ్చారేంటి?" అన్నాన్నేను, అలాంటి ఒక లారీ తర్వాత.

"వీటికేమైందండీ, బాగానే ఉన్నాయి."

అంతే. పెదపులిపాక దాటిపోయింది.

మాట కలిపింది అరటి తోట. వరదకి లంకల్లో మునిగి కుళ్లిన తోటల్లో మొదళ్లు నల్లగా కనిపిస్తున్నాయి, వాటి మధ్యే కొత్త పిలకలు మోకాలెత్తు లేచాయి. ఇది కర్పూరమా, చక్కెరకేళియా అని వాడు గాల్లోకి అడిగాడు. నాకు అరటి గురించి తెలుసని వాడికి తెలుసు. మా తాతది లంక వ్యవసాయం. కర్పూరమన్నాను. ఎలా చెప్పారన్నాడు. చెప్పాను. తర్వాత పసుపు గురించి అడిగాడు. వరద నీళ్లు నిలబడితే కొమ్ము ఎలా కుళ్లుతుందో, కౌలు రైతు కౌలు ముందే కట్టి ఉంటే అతని గతి ఏమిటో చెప్పుకుంటూ వెళ్లాను. కంద ఎందుకు ఈ ఒండ్రులో అంత బలుస్తుందో, ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీకి వెళ్లే చెరకు ట్రాక్టర్లు ఎందుకు తగ్గాయో. రోడ్డు మీద సగం వెడల్పున ధాన్యం ఆరబోశారు, పక్కనుంచి నడిచాం. చుట్టూ ఇంత ధాన్యం ఉంటే ఒక్క నూర్పిడి కళ్లం కూడా కనపడదేమన్నాడు. కోత మిషన్ వచ్చాక కుప్పలెక్కడివి అన్నాను.

రొయ్యూరు దాకా వచ్చాక నాకు తట్టింది, వీడు గోపుడి పని చేస్తున్నాడని. చీటీ గురించి అడగడు, బావమరిది గురించి అడగడు. కంటికి కనపడిందాని గురించే అడుగుతాడు. ఇంతకాలం మమ్మల్ని కలపాలని చూసిన పెద్దమనుషులంతా మమ్మల్ని ఎదురెదురు కుర్చీల్లో కూర్చోబెట్టి, "జరిగిందేదో జరిగింది" అని మొదలుపెట్టేవాళ్లు. ఆ వాక్యంతోనే జరిగిందంతా బల్ల మీదకి వచ్చి కూర్చునేది. నడకలో మొహాలు ఎదురెదురుగా ఉండవు. ఇద్దరి చూపూ ముందుకే, అక్కడ ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది: గొర్రెల మంద, రేవు, పడవకి తారు పూస్తున్న ముసలాయన. మధ్యవర్తిత్వం చేసేవాళ్లు ముందు కుర్చీలు తీసేయాలని నా సలహా.

ఎదురుగా భవానీలు వస్తున్నారు. ఎర్ర బట్టలు, నెత్తిన ఇరుముడి, వట్టి పాదాలు. దీక్ష విరమణకి ఇంద్రకీలాద్రి వెళ్తున్న చిన్న గుంపు. పదేళ్ల పిల్ల నుంచి అరవై దాటిన అమ్మ దాకా ఉన్నారు. మేం ఊరి నుంచి బయటికి, వాళ్లు ఊళ్లోకి. వాళ్లలో ఒకామె మమ్మల్ని ఆపి, "కొండ ఇంకెంత దూరం బాబూ?" అంది. మేమిద్దరం ఒకేసారి రెండు వేర్వేరు లెక్కలు చెప్పాం. ఆమె మా ఇద్దరి మొహాలూ చూసి, "అన్నదమ్ములా?" అంది. వాడు నవ్వి, "ఆ, అలాంటిదే భవానీ" అన్నాడు.

రాత్రి మజిలీ తోట్లవల్లూరు దగ్గర, వాడి పిన్ని కూతురి అత్తారింట్లో. పెంకుటిల్లు, ముందు డాబా వసారా. ఆ ఇంటి కోడలికి మా తగాదా సంగతి తెలుసు, చుట్టాలందరికీ తెలుసు. తెలియనట్టు వడ్డించింది. కంద బచ్చలి కూర, ముద్దపప్పు, ఆవకాయ, గడ్డ పెరుగు. "అన్నయ్యగారికి కూర ఇంకొంచెం" అంటే వద్దన్నాను. "వెయ్యమ్మా, వాడికి కందంటే ప్రాణం" అన్నాడు వాడు, తల ఎత్తకుండా. ఆమె వేసింది. చలికి దుప్పట్లు ఇచ్చారు. వసారాలో పక్కపక్క మంచాల మీద పడుకుని, వాడి గురక నాకు కొత్త కాదు కాబట్టి, మంచి నిద్ర పోయాను.

మర్నాడు ఏకాదశి. ఇద్దరిలో ఎవరికీ ఉపవాసం అలవాటు లేదు కానీ రాయల పేరు చెప్పి టిఫిను మానేశాం. టీ లెక్కలోకి రాదని వాడు తీర్మానించాడు. ఐలూరు దాటాక ఎండ పెరిగింది, వాడి చెప్పు పట్టీ తెగింది. నేను అనాల్సిన మాట అనలేదు. ఒక కొబ్బరి తాడు ముక్కతో కట్టుకుని, ఈడ్చుకుంటూ నడిచాడు. ఆ ఈడ్పుడు వేగంతో నడవడం నాకు మొదట చిరాకనిపించి, తర్వాత అలవాటైంది. "ఆగరా, పట్టీ మళ్లీ జారింది" అన్నాడు ఒకచోట. ఆగాను.

శ్రీకాకుళం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. నిమ్మళమైన గుడి. ఆంధ్రుల తొలి రాజధాని ఇదేనని ఇక్కడివాళ్ల గట్టి నమ్మకం. రాయలు కూర్చున్నాడని చూపించే మండపం ఉంది. నాకు రాయలకన్నా ఈ దేవుడి దగ్గర ఎక్కువ ఇష్టమైనవాడు కాసుల పురుషోత్తమ కవి. పక్కనే ఉన్న పెదప్రోలు మనిషి, చల్లపల్లి సంస్థానం కవి. ఈ ఆంధ్రనాయకుణ్ణి పట్టుకుని నూట ఎనిమిది పద్యాలు తిట్టాడు. భూమిని మోసేది ఒక భార్య, సిరి తెచ్చింది ఇంకో భార్య, సృష్టి చేసేది కొడుకు, పాపాలు కడిగేది కూతురు గంగ, మరి నీ సొంత ఘనత ఏమిటయ్యా అని నిలదీశాడు. నిందాస్తుతి అంటారు. తెలుగులో శతకాలు చాలా ఉన్నాయి, వేడుకోళ్లే ఎక్కువ. పురుషోత్తముడి గొంతు వేరు. రోజూ గుమ్మంలోకి వచ్చి దబాయించే చనువు అది. దేవుడి మీద అంత కోపం రావాలంటే వరసైనా ఉండాలి, వాడుకైనా ఉండాలి.

మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని ఈ సంగతే చెప్తున్నాను. వాడు వింటున్నాడనుకున్నాను.

"మా బావమరిది డబ్బు తెస్తే తీసుకున్నావేరా?" అన్నాడు.

"తేకపోతే ఏం చేస్తాను?"

"తిరగ్గొట్టాలి. 'వాణ్ణే రమ్మను, లేకపోతే నాకీ డబ్బు వద్దు' అనాలి. మొదటి నెల నువ్వు అలా అంటావనే వాణ్ణి పంపాను. నువ్వేమో లెక్క చూసుకుని సంతకం పెట్టి రసీదు కూడా ఇచ్చావు."

"రసీదు ఇవ్వమని రాసింది ఎవడు? కవరు మీద నీ చేతిరాతే!"

"వాడికి నమ్మకం కోసం రాశాను. నువ్వు ఇచ్చెయ్యడమేనా?"

"నెలనెలా పంపింది నువ్వు. నాలుగు వీధుల అవతల ఉండి!"

"ఆ నాలుగు వీధులూ నువ్వెప్పుడైనా వచ్చావా?"

గొంతులు పెరిగాయి. ప్రదక్షిణ చేస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఆగి చూశారు. గుడి చూసుకునే పెద్దాయన వచ్చి, "అయ్యా, గర్భగుడి ఎదురుగా ఈ అరుపులేమిటి?" అన్నాడు. వాడు వెంటనే లేచి చేతులు కట్టుకుని, "ఈ స్వామిని నూట ఎనిమిది పద్యాలు తిడితేనే ఊరుకున్నాడు కదండీ, మావి నాలుగు మాటలే" అన్నాడు. పెద్దాయన నవ్వు ఆపుకోలేక, తీర్థం పుచ్చుకోమని లోపలికి పిలిచాడు. వాడు తీర్థం పుచ్చుకుంటూ కూడా "రసీదు!" అని గొణిగాడు.

చల్లపల్లి దాకా ఆటో, అక్కణ్ణుంచి విజయవాడ బస్సు. కిటికీ సీటు కోసం ఒక గొడవ, టిక్కెట్టు ఎవరు కొనాలన్నదాని మీద ఇంకో గొడవ. బస్సు కదిలాక మూడోది మొదలైంది. రాయలు విజయవాడ నుంచి శ్రీకాకుళం ఎలా వచ్చి ఉంటాడు? పడవలో అంటాడు వాడు. ప్రవాహం వాలుకి హాయిగా కూర్చుని వచ్చే వీలుండగా నడిచేదెవడని వాడి వాదన. దండుతో, ఏనుగులతో, గుర్రాలతో వచ్చినవాడు ఒడ్డు వెంబడే వచ్చి ఉంటాడని నాది. అప్పటికి ఆనకట్టా లేదు, కరకట్టా లేదు, నది ఎటు పారితే అటు దారి. ఇద్దరి దగ్గరా ఆధారం లేదు కాబట్టి వాదన పామర్రు దాటాక కూడా ఆగలేదు. రేపు పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్లి తేల్చుకుందామన్నాడు. ఆయన్ని తేల్చమనాల్సింది రాయల సంగతి ఒక్కటే కాదు, ఆ మోకాలి సంగతి కూడా అన్నాను. "అది నాకు వదిలెయ్" అన్నాడు వాడు, తెగిన చెప్పు సీటు కిందకి తోసేసి.